కోర్టులో గెలిచిన చెట్టు

ఫింటన్,

బంగాళదుంపలు ఓవెన్‌లో ఉన్నాయి, తిను. కుక్కని వదలకు, రోడ్డంతా గాజుముక్కలే. గేటు పక్కనున్న యాష్ చెట్టు కొమ్మ విరిగి పశువుల డాక్టరు నూలా కారు మీద పడింది. పాపం, చెయ్యి విరిగింది. తనతో గాల్వే ఆసుపత్రికి వెళ్తున్నాను.

చెట్టు ఎవరిదని పోలీసాయన అడిగాడు. మాదేనని చెప్పాను. పక్కింటి డెక్లన్‌తో ఆరేళ్ళు కోర్టులో కొట్లాడి గెలుచుకున్నావు కదా, ఇప్పుడు కాదంటే ఎలా? తెగులు పట్టింది, కొట్టించమని నేనంటే, "గెలిచిన చెట్టుని కొట్టిస్తానా?" అన్నావు.

గ్రానియా

అన్నట్టు, కొమ్మ కోసి నూలాని కారులోంచి బయటికి లాగింది డెక్లనే. రంపం మన వాకిట్లోనే పెట్టి వెళ్ళాడు. "యజమాని గారు సెలవిస్తే మిగతాది కూడా కొట్టేస్తా" అన్నాడు. నవ్వలేదు కూడా.