చిన్నోడి క్షేమం

మా బంగారుతల్లికి నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాసి నీ క్షేమం అడగడం మన అలవాటు. ఈసారి ఆ మాట మీ అమ్మకే వర్తిస్తుంది. ఆమె బాగానే ఉంది. నేను ఆసుపత్రి మంచం మీద దిండు ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నవ్వుకో.

నీ ఉత్తరం అందింది. సొరంగంలో నీళ్లు ఊరడం తగ్గిందన్నావు, సంతోషం. సామాను లారీ వస్తే తప్ప ఉత్తరం ముక్క చేరని చోట దానికేం ఉద్యోగమని మీ అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది. నీ ఉన్ని కోటు సంగతి అడిగావు. కత్తిరించడం అయింది, చేతులు అతకాలి.

ఇక ప్రతి ఉత్తరంలోనూ నాకంటే ముందు నువ్వు అడిగేది, "చిన్నోడెలా ఉన్నాడు?" అని. నువ్విచ్చిన కిడ్నీకి ఆ పేరు పెట్టింది నువ్వే. మూడేళ్లుగా 'నాన్న, చిన్నోడు' అని సంతకం చేస్తూ వచ్చాను. వాడి సంగతి చెబుతాను. ముందు నా వేలి సంగతి విను.

ఆసుపత్రి వాళ్ల తెల్లకోట్లు కుడుతుంటే మిషను సూది బొటనవేల్లో దిగింది. నెత్తురు అంటితే బట్ట పాడవుతుందని, దారానికి రాసే మైనం తీసి గాయం మీద అదిమేసి ఆ పూట పని ముగించాను. మా దర్జీలందరూ చేసేదే. కానీ అందరూ నాలా మాత్రలు మింగేవాళ్లు కారు కదా. చిన్నోణ్ని పరాయివాడనుకుని తరిమెయ్యకుండా, ఒంట్లో కాపలా కాసే కణాలను జోకొట్టే మాత్రలు. ఆ కాపలావాళ్లు నిద్రలో ఉండగా మైనం కింద చీము పట్టి, విషం నెత్తుట్లోకి ఎక్కింది.

ఇచ్చిన యాంటీబయాటిక్ ఒక్కటీ పనిచెయ్యలేదు. ల్యాబులో ఉన్న మందులన్నీ ఆ క్రిమి మీద వేసి చూశారట, దేనికీ లొంగలేదు. డాక్టరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. వేసుకున్నది నేను కుట్టిన కోటే. ఇస్త్రీ చేతకానివాళ్లెవరో కాలరు పాడుచేశారు.

"బయటి మందులతో అయ్యేలా లేదండీ. మీ ఒళ్లే పోరాడాలి. ఆ మాత్రలు ఆపేసి, తెల్లకణాలు పెరగడానికి ఇంజెక్షన్ ఇద్దామనుకుంటున్నాం," అంది.

"మరి కిడ్నీ?"

"లేచిన కణాలు దాన్నీ వదలవు. చాలామటుకు పోతుంది."

వద్దన్నాను. పిల్ల ఇచ్చినదాన్ని చేతులారా చంపుకుని బతకలేను, పోతే ఇద్దరం కలిసే పోతామన్నాను. మీ అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. జ్వరం నెత్తికెక్కి నేను కలవరిస్తుంటే అప్పుడు నోరు విప్పింది.

"పిల్ల అది మీరు బతకాలని ఇచ్చింది. జాగ్రత్తగా దాచిపెట్టమని ఇవ్వలేదు. రేపు దానికేం రాయమంటారు? ఇద్దరూ కలిసే పోయారని రాయనా?"

సరేనన్నాను. నిన్ను అడగలేదు. లారీ వచ్చేదాకా ఆగే వ్యవధి లేదన్నది నిజమే. కానీ ఉన్నా అడిగేవాణ్ని కాదు తల్లీ. సరే అనడం తప్ప నీకు దారి ఉండదు. ఆ మాట నీ నోట అనిపించడానికి నాకు మనసొప్పలేదు.

జ్వరం దిగుతోంది. వేలి వాపు తీసింది. గండం గడిచిందని డాక్టరమ్మ ఇంకా అనడం లేదు. కాపలావాళ్లు మాత్రం లేచారు. లేచి, క్రిమితో పాటు చిన్నోడి మీదా పడ్డారు. పొత్తికడుపులో వాడున్న చోట నొప్పి మొదలైంది. ఇంకేం చెయ్యాలో తెలియక దాని మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. మూత్రం తగ్గుతూ తగ్గుతూ నిన్న పూర్తిగా ఆగిపోయింది. పొద్దున డయాలసిస్ మిషనుకు తగిలించారు. ఇన్నాళ్లూ నాకు చాకిరీ చేశాడు, ఒక్కరోజు నలత అనలేదు. నా ఒళ్లే వాణ్ని చంపింది. ఏడుపు ఆగడం లేదు నాకు.

కోపం వస్తే తిట్టు, పడతాను. వేలు మానాక కోటు చేతులు నేనే అతుకుతాను, ఇంకెవరికీ ఇవ్వొద్దని మీ అమ్మకు చెప్పాను. ఈసారి రాసేటప్పుడు మాత్రం వాడి క్షేమం అడక్కు. నన్నొక్కణ్నే అడుగు.

ఇట్లు,
నీ నాన్న.