మరియమ్మ అంగిలి

నర్సీపట్నం, శుక్రవారం, 1998

నా భార్య మరియమ్మ నిరుడు అడ్డచుట్ట మానేసింది. పెళ్ళినాటి నుంచీ నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని కాల్చిన మనిషి. అప్పుడు పళ్ళ డాక్టరమ్మ టార్చి వేసి చూపిస్తే, అంగిలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మానకపోతే కేన్సరు రావచ్చంది.

ఇవాళ మళ్ళీ చూపించింది. పసిబిడ్డ అంగిలిలా ఎర్రగా, నున్నగా ఉంది! తెగిన చెప్పుకైనా ఎవరో కుట్టు వెయ్యాలి. కాలిన నోరు తనంతట తానే బాగుచేసుకుందంటే, ఒళ్ళు ఎంత గొప్పదో!

"మీరూ ఒకసారి నోరు తెరవండి, తాతగారూ," అంది డాక్టరమ్మ.

"నాకేటైందండీ? నాను సుట్ట సల్లటి కొసే నోట్లో ఎట్టుకుంటాను."

"నిప్పు నాను మింగితే, బయ్యం ఈయనకండీ!" అని మరియమ్మ నవ్వింది.

రోషమొచ్చి నోరు తెరిచాను. డాక్టరమ్మ టార్చి వేసి, నా బుగ్గ లోపలి తెల్లటి మచ్చని మరియమ్మకి చూపించింది.