ఫ్యాక్టరీ పేరు లేని ప్రశ్న

హైదరాబాద్,
జూలై 1996

ప్రియమైన నాన్నగారికి,

హైమ నమస్కారాలు. ఫోన్లో చెబితే మీరు మాట పూర్తి కానివ్వరని ఉత్తరం రాస్తున్నాను. మా సీనియర్ రామలింగేశ్వరరావు గారు హైకోర్టులో ఒక రిట్ వేసి, ఆ పని నాకు అప్పగించారు. గడ్డపోతారం దగ్గర వాగు పక్కన బీరమ్మ అనే రైతు బావి పాడైంది. ప్రతివాదుల్లో ప్రభుత్వంతో పాటు మీ కంపెనీ కూడా ఉంది. మీరక్కడ షిఫ్టు ఇన్‌చార్జి అని సీనియర్ గారికి ముందే చెప్పాను. "మీ నాన్న కక్షిదారు కాదు కదమ్మా, పని చూడు" అన్నారు.

నేను రాయాల్సింది ఒకటే వాక్యం, కోర్టు తేల్చాల్సిన ప్రశ్న. అది సరిగా కుదిరితే సగం కేసు గెలిచినట్టేనని ఆయన నమ్మకం. నేను రాసుకున్నది ఇది: "ఒకరి బావిని పాడుచేస్తున్న ఫ్యాక్టరీని చూస్తూ ఊరుకుంటే, రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణలో ఇచ్చిన జీవించే హక్కును ప్రభుత్వం కాలరాసినట్టు కాదా?"

బీరమ్మ ఒక మాట అంది. "వాన కొట్టినప్పుడే మా వాగుల ఎర్రనీళ్లొస్తయి బిడ్డా. బర్రెలు గూడ మూతి పెడ్తలేవు." వానకీ దీనికీ సంబంధమేమిటో మీకు తెలిసే ఉంటుంది. రాయండి.

మీ హైమ

పటాన్‌చెరు

ప్రియమైన హైమకు,

ఆశీస్సులు. నీకు వేరే కేసే దొరకలేదా తల్లీ? మీ అమ్మ నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం మానేసింది.

వాన సంగతి నన్నడక్కు. కంపెనీ తరఫున కోర్టుకు జవాబుగా కౌంటర్ అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం, వేయాలట. జనరల్ మేనేజర్ తెలివిగా సెలవు పెట్టాడు. నన్ను పిలిచి సంతకం చేయమన్నారు. "మా గేటు దాటి చుక్క మురికినీరు బయటికి పోదు" అని అందులో ఉంది. చేశాను. చేయకపోతే క్వార్టర్ ఖాళీ చేయాలి, నీ తమ్ముడి చదువు ఆగిపోవాలి. నీ పని నువ్వు చేసుకో, నా సంతకం జోలికి మాత్రం రాకు.

నాన్న

హైదరాబాద్

ప్రియమైన నాన్నగారికి,

కౌంటర్ అందింది. చివరి పేజీలో మీ సంతకం చూసి, మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాను. రిట్‌లో సాక్షుల్ని విచారించరు కాబట్టి, మీ మాట నిలబడితే వాస్తవాలపైనే వివాదం ఉంది, సివిల్ కోర్టుకు వెళ్లండని రిట్ కొట్టేస్తారు. అబద్ధమని తేలితే మిమ్మల్ని జైలుకు పంపొచ్చు. నాకు రెండూ వద్దు.

అందుకే ప్రశ్న మార్చాను. "నీటిని ఎవరు పాడుచేసినా సరే, ఇరవై ఒకటో అధికరణ ప్రకారం శుభ్రమైన తాగునీరు అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది కాదా?" ఇక మీ అఫిడవిట్ నిజమో కాదో ఎవరూ తేల్చక్కర్లేదు. సీనియర్ గారు భేష్ అన్నారు. ఎందుకు మార్చానో ఆయనకు చెప్పలేదు.

బీరమ్మకు చదివి వినిపించాను. "ట్యాంకరొస్తది, మంచిదే. మరి మా బాయి సంగతేంది?" అంది. నేను ఫైలు సర్దుకుని లేచాను.

వచ్చే సోమవారం విచారణ. మీరు నిశ్చింతగా ఉండండి.

మీ హైమ

పటాన్‌చెరు

ప్రియమైన హైమకు,

నీ కొత్త ప్రశ్నలో ఫ్యాక్టరీ పేరే లేదు. మీ అమ్మ సంబరపడి దేవుడికి దీపం పెట్టింది. నాకు మాత్రం సిగ్గేసింది. బీరమ్మ నీ దగ్గరికి వచ్చింది బావి కోసం. ఆమెకు ట్యాంకరు ఇప్పించి, బావిని నా కోసం వదిలేశావు.

నిన్న షిఫ్టులో ఉండగా ఆపరేటర్ ఐలన్న వచ్చి, "సార్, వాన షురువైంది. వాల్వు తియ్యాల్నా?" అన్నాడు. మురికినీటి ట్యాంకు నుంచి వాగులోకి వదిలే వాల్వు అది. ప్రతి వానకీ అడుగుతాడు, నేను తియ్యమంటాను. వాననీళ్లలో కలిసిపోతే ఎవరికీ తెలియదని మా ధైర్యం. నువ్వడిగిన సంబంధం అదే. నిన్న మాత్రం వద్దన్నాను.

ఈ ఉదయం సంగారెడ్డి వెళ్లి నోటరీ ముందు ఇంకో అఫిడవిట్ చేశాను. మొదటిది అబద్ధమనీ, వాల్వు తీయించింది నేనేననీ ఉంది. అది ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. పోస్టును నమ్మక, మీ కోర్టువైపు వచ్చే మనిషి చేతికిచ్చాను. కంపెనీలోనూ ఒక కాపీ ఇచ్చాను. ఉద్యోగం ఉండదు. మీ అమ్మ ఏడ్చింది, తర్వాత లేచి గిన్నెలు గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది. కిరాయికి గది వెతుకుతాను. జైలు సంగతి కోర్టు చూసుకుంటుంది.

ఇప్పుడు వాస్తవాలపై వివాదమేమీ లేదు. నీ మొదటి ప్రశ్నే మళ్లీ రాయి. ఎందుకు మార్చావో మీ సీనియర్ గారికి చెప్పెయ్. సోమవారం నేనూ మీ అమ్మా వచ్చి బీరమ్మ పక్కన కూర్చుంటాం. ఈ నరసింహమూర్తి ఎవరని జడ్జి గారు అడిగితే తల దించుకోకు. మా నాన్న అని చెప్పు.

నాన్న