అడ్డరోడ్డు దగ్గర ఆగని బస్సు

చుంపీచ్,
సెప్టెంబరు చివర

నా తూప్,

నెల్మీ అని రాద్దామనుకున్నాను. చెయ్యి తూప్ అనే రాసింది. కడగొట్టు పిల్లవి, ఎంత ఎదిగినా ఈ ఇంటికి తూప్‌వే. నా అక్షరాలు చూసి నవ్వకు. రెండో తరగతి దాటని చెయ్యి ఇది. పిండి పిసకడం వచ్చినంతగా రాయడం రాదు.

ఇక్కడ వానలు. మొక్కజొన్న కంకులు వంచడం అయింది. నల్ల కోడి పిల్లలతో తిరుగుతోంది. మీ అన్నయ్య విల్ పడుకునే ఊయల ఇంకా కొక్కేలకే ఉంది. పొద్దున ముడేస్తాను, సాయంత్రం విప్పి వేలాడదీస్తాను. అందులో ఎవరూ పడుకోరు.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. విల్ ఇంటికి రాలేదు. పాతిపెట్టాము, తొమ్మిది రోజులు జపం చేయించాము, అయినా రాలేదు. తల్లిని కదా, తెలుస్తుంది. పడి ప్రాణం పోయినవాడు పడ్డచోటే ఉండిపోతాడు. ఎవరో ఒకరు వెళ్ళి పేరుపెట్టి పిలిచి, వాడి బట్టలో పొదువుకుని తెచ్చుకోవాలి. దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. వెనక్కి చూడకూడదు. ఏ ఇంటి గడప లోపల మొదటి మాట మాట్లాడతామో ఆ ఇంట్లో ఉంటాడు. మా అమ్మ మా తమ్ముణ్ణి బావి దగ్గర్నుంచి అలాగే తెచ్చుకుంది. ఆ రోజు మనల్ని ఆక్‌ముల్ గుడి మెట్ల దగ్గరికి ఎవరు రానిచ్చారు? తాళ్ళు కట్టేశారు, కడిగేశారు. చూడ్డానికొచ్చే గుంపులకి వాడు చూపించే ఆ పాత రాళ్ళ మధ్యే వాడు కూర్చుని ఉన్నాడు, ఎండకీ వానకీ. సగం మెట్ల మీద భయంతో కొయ్యబారిపోయిన ఆ పరాయి దేశం ముసలావిడని చెయ్యి పట్టి దించి, ఆఖర్న తను జారాడు. ఆవిడ ఇల్లు చేరింది. వీడు చేరలేదు.

ఆదివారం మనవాళ్ళకి టికెట్టు లేదు కదా అని వెళ్ళాను. గేటు దగ్గర కాపలావాడు సంచి విప్పించాడు. కొవ్వొత్తి, సాంబ్రాణి, సొరబుర్రలో నీళ్ళు, విల్ చొక్కా.

"లోపల పూజలు కుదరవమ్మా" అన్నాడు.

"పూజ కాదు నాయనా, పిల్లాణ్ణి తీసుకుపోవడానికొచ్చాను."

"పిల్లాడు తప్పిపోతే ఆఫీసులో చెప్పాలి" అన్నాడు. పాపం, వాడికి తెలీదు.

మన పక్కింటి తేనెటీగల ఎలెఉతేరియో అన్నాడు కదా: "వదినా, మంగళవారం బస్సు గుంపుతో రా. వాళ్ళకయితే లోపల సాంబ్రాణి పొగ వేసుకునే అనుమతి ఉంది. ఆ పొగ వేసేది నేనే." విల్ నడిపించిన గుంపే అది. మీ ఊరి నుంచే కదా బయల్దేరుతుంది. అందులో నాకో చోటు ఇప్పించు. వచ్చే నెలాఖరుకి పోయినవాళ్ళంతా భోజనానికి వస్తారు. ఊళ్ళో అందరి బిడ్డలూ వస్తారు. నా బల్ల ముందు మటుకు నా బిడ్డ ఉండడు.

ఈ ఉత్తరాన్ని ఆ బస్సు డ్రైవరు గస్పార్‌కి ఇస్తున్నాను. అడ్డరోడ్డు దగ్గర ఆపి పుచ్చుకుంటాడు. నువ్వు బాగా చిక్కావన్నాడు. "తన చొక్కాలో తనే ఊగుతోంది పిన్నీ" అన్నాడు. నిజమా?

నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో లెక్క మానేసిన
అమ్మ, ఫెలిసియానా


ప్లాయా,
అక్టోబరు మొదట్లో

ప్రియమైన అమ్మకు,

గస్పార్ మాటలు నమ్మకు. బస్సు అద్దంలో చూసీ చూసీ వాడికి అందరూ సన్నగానే కనిపిస్తారు. నేను పనిచేసేది హోటల్లో. ఇక్కడ జనం తినేదానికంటే పారేసేది ఎక్కువ. నాకేం లోటు.

నువ్వు రాసింది చదివి ముందు కోపమొచ్చింది. అమ్మా, అన్నయ్య ఉంటే నవ్వి చచ్చేవాడు. ఆ మాట రాశాక పెన్ను పక్కన పడేసి బయటికి పోయి వచ్చాను. కొట్టేయబుద్ధి కాలేదు, అలాగే ఉంచేశాను.

సరే, బస్సువాళ్ళని అడిగాను. అన్నయ్య పేరు వినగానే చోటు ఇచ్చారు. మంగళవారం గేటు దగ్గర నిలబడు, బస్సు వస్తుంది. రొమ్ము మీద రంగు చీటీ అంటిస్తారు, పీకి పారేయకు. ఇప్పుడు గుంపుని నడిపించేది ఎర్మిలో. అన్నయ్య దగ్గర నేర్చుకున్నవాడే. అతన్ని అందరి ముందూ కడిగేయకు. తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే ఎక్కు, అడ్డరోడ్డు రాగానే గస్పార్‌కి ఒక్క కేక వెయ్యి, దింపేస్తాడు.

పండక్కి రమ్మని అడగకు. సెలవు ఇవ్వరు. ఇచ్చినా ఆ ఊయల చూడలేను.

మంగళవారాలు అన్నయ్య గుంపుని దింపడానికి ఇక్కడిదాకా వచ్చి, నా గదిలో తిని ఆఖరి బస్సుకి ఇంటికి వచ్చేవాడు కదా. నువ్వేమో ఇంట్లో రొట్టెలు చల్లారిపోయాయని తిట్టేదానివి. "నీ వంటలో ఉప్పుకి కరువొచ్చిందే తూప్" అంటూ రెండోసారి పెట్టించుకునేవాడు. ఇప్పుడు పొయ్యి వెలిగించడం లేదు. ఒక్కదానికి ఎందుకని. హోటల్లోనే ఏదో ఒకటి తినేస్తాను.

జాగ్రత్తగా వెళ్ళిరా. మెట్లు ఎక్కకు.

నీ నెల్మీ


చుంపీచ్,
ఆ మంగళవారం తర్వాత

నా తూప్,

నీ గదిలో నీకేమీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఏడుపే సరిపోయింది. తెల్లారకుండా నువ్వు పనికి పోయావు, నేను మొదటి బస్సుకి వచ్చేశాను. జరిగింది ఇప్పుడు రాస్తాను.

గుంపులో నా అంత పొట్టిది నేనే. ఎర్మిలో నన్ను చూసి తడబడ్డాడు. "అత్తా, ముందుకొచ్చి నిలబడు" అన్నాడు. గొడుగు పైకెత్తి నడుస్తుంటే బాతు వెనక పిల్లల్లా అందరం నడిచాం. మెట్ల దగ్గర ఆగి చప్పట్లు కొట్టించాడు. గుడి పైనుంచి పిట్ట అరిచినట్టు చప్పుడు తిరిగొచ్చింది. అందరూ నోళ్ళు తెరిచారు. అప్పుడు అతనంటాడు: "మా అమ్మ చెప్పేది, అత్తగారిని తిట్టుకుంటూ ఎక్కితే ఈ మెట్లు పెరుగుతాయని." అందరూ నవ్వారు.

నేను చెయ్యి పట్టుకుని అడిగాను: "ఎవరమ్మ చెప్పింది? మీ అమ్మేనా?"

తల దించుకున్నాడు. "విల్ చెప్పేవాడు అత్తా. మా అమ్మ చెప్పింది, మా అమ్మ చెప్పింది అంటూ బోలెడు చెప్పేవాడు. నేను మార్చలేదు."

చూశావా ఆ అబద్ధాలకోరుని! నేను ఏనాడూ అనలేదు అలా. వాడు నా పేరు మీద ఎన్ని అల్లాడో, ఆ దేశాలవాళ్ళంతా అవి మోసుకుపోయి ఎక్కడెక్కడ చెప్పుకుంటున్నారో. నవ్వొచ్చింది. నవ్వుతూ అక్కడే రాతి మీద కూర్చుండిపోయాను.

అప్పుడు పొగ పట్టుకుని ఒకడొచ్చాడు. తల మీద నెమలంత ఈకలు, ఒంటి మీద రంగు.

"ఎలెఉతేరియో! ఇదేం వేషం? మీ ఆవిడ చూసిందా?"

"వదినా, నీకు దండం పెడతాను, ఇక్కడ పేరు పెట్టి పిలవకు" అని పళ్ళ మధ్యనుంచి అన్నాడు. "ఈకలు వాళ్ళవి. మాటలు మటుకు మా నాన్నవి. నీ పని కానీ."

ఈకలు ఊగుతుంటే అతను మన మాటల్లో, మన పెద్దవాళ్ళు చెప్పినట్టే చెప్పాడు. నేను విల్ నీలం చొక్కా తీసి నేలకి రుద్దాను. వాడు పడ్డ రాయి చుట్టూ రుద్దాను. నీళ్ళు చల్లాను. "విల్, లే నాయనా. ఇక్కడ చాలు. ఆవిడ దిగిపోయింది, ఇల్లు చేరిపోయింది. నువ్వూ పద. నేను వచ్చాను చూడు. పద" అని పిలిచాను. చొక్కా బరువెక్కింది. నువ్వు నమ్మకపో, ఎక్కింది.

తల ఎత్తేసరికి చుట్టూ ఫొటోలు తీస్తున్నారు. ఇదీ చూపించేవాటిలో ఒకటనుకున్నారు కాబోలు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి పైనుంచి పిట్ట అరిచింది. ఎర్మిలో ఒక్కడే టోపీ తీసి నిలబడ్డాడు.

ఇక అప్పట్నుంచి నోరు కట్టేసుకున్నాను. భోజనాల దగ్గర ఏం కావాలంటే మాట్లాడలేదు. బొమ్మల కొట్టు దగ్గర మాట్లాడలేదు. బస్సులో నా పక్క సీటు మీద చొక్కా పెట్టాను. ఒకావిడ కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాను, పిచ్చిదాన్ననుకుని వెనక్కి పోయింది.

అడ్డరోడ్డు వచ్చింది. కేక వెయ్యాలి. నోరు తెరవకూడదు కదా. ఎలా ఆపమనేది? బస్సు సాగిపోయింది. మన ఊరి దారి కిటికీలో వెనక్కి పోయింది, తల తిప్పి చూడను కూడా లేదు.

ప్లాయాలో దిగి నీ ఉత్తరం కవరు రిక్షా అతనికి చూపించాను. నువ్వు తలుపు తీశావు. నిన్ను చూడగానే నోరు జారింది. "ఏమే, ఇంతలా ఎండిపోయావేంటే!" అనేశాను. నీ గడప లోపల. అయిపోయింది. ఇంక చొక్కా నీ గదిలోనే పెట్టి రావలసి వచ్చింది.

ఏం చేస్తాం.

అమ్మ


ప్లాయా,
అక్టోబరు మధ్య

ప్రియమైన అమ్మకు,

నన్ను క్షమించు. నీ నోటి వెంట ఆ మాట రావడానికి కారణం నేనే. బాగా ఉంటే నువ్వు నన్ను చూసి ఊరికే నవ్వేదానివి, అన్నయ్యని ఇంటికి తీసుకుపోయేదానివి. అంత దూరం అంత కష్టపడి మోసుకొచ్చి నా గడపలో పోగొట్టుకున్నావు.

చొక్కా కుర్చీ మీద వేసి ఉంచాను. మొదట్లో దాన్ని చూడకుండా తిరిగాను. నిన్న మంగళవారం. పనినుంచి వచ్చేసరికి గదిలో ఎవరో నా కోసం కాచుకుని ఉన్నట్టు అనిపించింది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, నీకు తెలుసు. అయినా పొయ్యి వెలిగించాను. చిక్కుళ్ళు వండాను, రొట్టెలు కాల్చాను. రెండు కంచాలు పెట్టాక గమనించాను. "ఉప్పు సరిపోయిందా?" అని గట్టిగానే అడిగాను. పక్కగది పిల్ల గోడ కొట్టి "ఎవరే, మొగుడా?" అంది. "మా అన్నయ్య" అన్నాను.

చాలా రోజులకి ముద్ద గొంతు దిగింది. రెండో కంచంలోదీ నేనే తిన్నాను.

కానీ అమ్మా, వాడు నీ కొడుకు. పండక్కి నీ బల్ల బోసిగా ఉండకూడదు. పని పోతే పోనీ, చొక్కా నేను తెస్తాను. ఇక్కడ్నుంచి మన ఇంటిదాకా ఒక్కమాట మాట్లాడను. ఆ ఊయల కూడా చూస్తాను. ఏ రోజు రమ్మంటావో గస్పార్‌తో చెప్పు.

నీ తూప్


చుంపీచ్,
పోయినవాళ్ళు వచ్చే రోజుల ముందు

నా తూప్,

తేవద్దు.

బస్సులో నోరు తెరవలేక ఆపలేదని రాశాను. గస్పార్‌ని అడుగు, వాడు చూశాడు. అడ్డరోడ్డు ముందు బస్సు నెమ్మది చేశాడు. అద్దంలోంచి నావైపు చూసి, "పిన్నీ, దిగుతావా?" అన్నాడు. తల ఊపితే చాలు. తల ఊపడానికి నోరెందుకు?

ఊపలేదు.

చొక్కా పక్క సీటులో ఉంది. మంగళవారం సాయంత్రం, ఆ బస్సు, ఆ దారి. వాడు ఎప్పుడూ పోయే చోటికే పోతున్నాడనిపించింది. ఇక్కడ దింపితే వాడికి ఊయల ఉంది. ఊయలని ఇన్నాళ్ళూ నేను విప్పుతూ ముడేస్తూనే ఉన్నాను. అక్కడ ఆరిపోయిన పొయ్యి ఉంది, దాని పక్కన నువ్వున్నావు. ఒక్కదానికి ఎందుకని రాశావు కదా. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

నీ గడప దగ్గర నోరు జారలేదే. లోపలికి అడుగు పెట్టి, గోడ చూసి, కుర్చీ చూసి, నిన్ను చూసి, అప్పుడు మాట్లాడాను. ఎండిపోయావన్నది మటుకు నిజమే.

ఇక్కడ ఇల్లు ఎలా ఉందని అడగకు. అలవాటవుతుందని అబద్ధం రాయను. వాన ఆగిన సాయంత్రం చాలా పొడుగ్గా ఉంటుంది. ఎలెఉతేరియో తేనె తెచ్చి ఇచ్చి కాసేపు కూర్చుని పోతాడు. ఈకల మాట ఎత్తితే లేచి పోతాడు. మీ నాన్నకి, మా అమ్మకి, మా తమ్ముడికి బల్ల వేస్తాను. ఉన్నవాళ్ళు చాలు ఈ ఏటికి.

గస్పార్‌తో రెండు మూటలు పంపుతున్నాను. మెత్తటిది ఊయల. ఉతికాను, అందుకే సబ్బు వాసన. నీ గదిలో కొక్కేలు కొట్టించు. వేడిగా ఉన్నది గోతిలో కాల్చిన కోడి రొట్టె, అరిటాకు విప్పకుండా ఉంచు. నల్ల కోడే అది. పిల్లలు పెద్దవయ్యాయి.

ముందు వాడికి పెట్టు. కాసేపు వదిలెయ్యి, వాసన తీసుకుంటాడు, అంతే కదా వాళ్ళు తినేది. ఉప్పు లేదంటాడు, పట్టించుకోకు. ఆ తర్వాత కంచం నీ ముందుకు లాక్కో. వాడి వంతు, నీ వంతు, రెండూ నువ్వే తినాలి.

కడుపునిండా తిను, తల్లీ.

అమ్మ