నెమలిమెడ రంగు

మార్చి 4, మంగళవారం. ధర్మవరం

వీసా వచ్చింది. భాస్కరన్నే వేయించాడు. పూర్తి పేరు విజయభాస్కర్, పట్టుచీరల షాపు. మా వీధిలో పదకొండు మగ్గాలకు పడుగు ఆయన దగ్గర్నుంచే వస్తుంది, నేసిన చీర ఆయనకే పోతుంది. అందులో మా నాయన సోమప్ప మగ్గం ఒకటి. ఆ చీరలకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసేది నేను. చైనాలో చీరలు ప్రింట్ చేసే ఫ్యాక్టరీలకు నన్ను వెంట తీసుకెళ్తున్నాడు. ఊరికే చూసి వద్దామంటాడు. ఊరికే చూడటానికి అంత దూరం ఎవరూ పోరు.

నాయనకు చెప్పాను. మగ్గం మీద నుంచి తల ఎత్తలేదు. "పో పాపా. మన కడుపు కొట్టేది యాడుండాదో చూసి రా" అన్నాడు.

మార్చి 16, ఆదివారం. షావోషింగ్

బెంగళూరు, కౌలాలంపూర్, ఇక్కడ. కాళ్లు వాచాయి. విమానంలో భాస్కరన్న నాకు విజిటింగ్ కార్డులు ఇచ్చాడు. హేమావతి, డిజైన్ హెడ్. మేం పెద్ద పార్టీ అని వాళ్లు నమ్మాలట. నేను ఎక్కువ నవ్వకూడదట. నవ్వొచ్చే సంగతి ఒక్కటీ లేదు.

ఊరంతా కాలువలు. మా వీధికి నాలుగు రోజులకోసారి నీళ్లొస్తాయి. ఇక్కడ వాటి వైపు ఎవరూ చూడను కూడా చూడటం లేదు.

మార్చి 17, సోమవారం

మొదటి ఫ్యాక్టరీ. రేకుల షెడ్డు. రంగుల ఘాటుకు గొంతు మండింది. శాంపిల్ చేతికి రాగానే గుండె తేలికైంది. జరీ అంచు పసుపు పెయింట్ పూసినట్టుంది. చూడగానే ఎవరైనా నకిలీ అంటారు. భాస్కరన్న ముఖం మాడిపోయింది. నాకు లోపల పండగ.

మార్చి 18, మంగళవారం. రాత్రి 11

అంతా రాస్తాను, దాచకుండా.

రెండో ఫ్యాక్టరీ పెద్దది. మేనేజర్ లిన్ అనే ఆవిడ, యాభై ఏళ్లుంటాయి. ఆమె తన భాషలో మాట్లాడితే ఫోన్ ఇంగ్లీషులో చెబుతుంది. టీ ఇచ్చింది. చాలా మర్యాద. లోపల మెషిన్ ఒక పక్క తెల్లగుడ్డ మింగుతోంది, ఇంకో పక్క చీర కక్కుతోంది. టైం చూశాను. చీరకు నాలుగు నిమిషాలు. నాయనకు పన్నెండు రోజులు.

దగ్గరికెళ్లి చూస్తే అది నా డిజైనే. పోయిన శ్రావణానికి నేను గీసింది, నాయన నేసింది. భాస్కరన్న ముందే ఫైలు పంపాడట. నాతో ఒక్క మాట అనలేదు.

ఒక్క నెమలిమెడ రంగు మాత్రం రాలేదు. మగ్గం మీద పడుగు నీలం, పేక ఆకుపచ్చ. అందుకే చీర కదిలితే రంగు మారుతుంది. వీళ్లది చచ్చిన నీలం. ఏం తక్కువైందని లిన్ నన్నడిగింది. భాస్కరన్న కూడా నా వైపే చూశాడు. తెలీదు అంటే సరిపోయేది.

చెప్పాను. ఒకే రంగు పూయొద్దు, వెంట్రుకంత సన్నగా నీలం గీత, పక్కన ఆకుపచ్చ గీత వేయండి, ఆకుపచ్చ ఒక పిసరు ఎక్కువ ఉండాలి, మెరిసే గుడ్డ తీసుకోండి అన్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని గీసి చూపించాను. అరగంటలో గుడ్డ బయటికొచ్చింది. పట్టుకుని తిప్పితే రంగు మారింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు చెప్పానంటే, తప్పు రంగు చూస్తూ ఉండలేకపోయాను. చప్పట్లు కొడితే సంతోషం కూడా వేసింది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

మార్చి 22, శనివారం. ధర్మవరం

నాయన అన్నీ అడిగాడు. మెషిన్ ఎంత పొడుగు, ఎంతమంది పనోళ్లు. చివరికి, "నెమలిమెడ వచ్చిందా వాళ్లకు?" అన్నాడు.

రాలేదన్నాను.

"రాదులే. గుడ్డకు పూస్తే యాడొస్తాది" అని నవ్వాడు. నవ్వి చాలా రోజులైంది.

ఏప్రిల్ 2

ఇంకా చెప్పలేదు.

మే 9, శుక్రవారం

చైనా సరుకు దిగింది. ఇక పడుగు ఇవ్వనని భాస్కరన్న పదకొండు మగ్గాలకూ కబురు పెట్టాడు. నాయన అడగడానికి షాపుకెళ్లి ఒక చీర చేత్తో పట్టుకుని వచ్చాడు. వాకిట్లో ఎండకు పెట్టి తిప్పాడు. ముడిచాడు. మళ్లీ తిప్పాడు.

"ఇది నేసే ఇంట్లో పుట్టినోళ్లు చెప్పిందే. మెషినోనికి ఎట్ల తెలుస్తాది?"

చెప్పింది నేనే అన్నాను. మొత్తం చెప్పాను, చప్పట్లతో సహా. ఆయన అరుస్తాడని చూశాను. చీర మడతపెట్టి అరుగు మీద పెట్టాడు.

"బాగా చెప్పినావు పాపా. రంగు కుదిరింది" అన్నాడు.

కొట్టినా బాగుండేది.

మే 10

భాస్కరన్నకు ఫోన్ చేసి పని మానేస్తున్నానన్నాను. నీ ఇష్టమన్నాడు. కోపం లేదు. డిజైన్లు పదేళ్లకు సరిపడా ఉన్నాయట. నాయనకు మాత్రం తన షోరూంలో పని ఉందట, కూర్చునే పనేనట, పంపమన్నాడు.

అవసరం లేదని పెట్టేశాను. నాయన పక్కనే విన్నాడు. "నేను పోతా. ఈ చేతులకు ఇంకేం పని వస్తాది?" అన్నాడు. మధ్యాహ్నమంతా వద్దని చెప్పాను. గడ్డం గీసుకుని వెళ్లిపోయాడు.

జూన్ 14, శనివారం

ఈరోజు షోరూంకు వెళ్లాను. లోపల అద్దాల పక్కనే మగ్గం. నాయన ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. నాడెలో దారం లేదు. అయినా అటూ ఇటూ విసురుతున్నాడు, కాళ్లు తొక్కుతున్నాడు. జనం వీడియో తీస్తున్నారు.

అడుగు ముందుకేశాను. చెయ్యి ఆపకుండా నా వైపు చూశాడు.

"రవ్వంత పక్కకు నిలబడండమ్మా. వీడియోకు అడ్డమొస్తాండారు" అన్నాడు.