వీపు తిప్పిన బ్రాకెట్లు

రెజిమెంటల్ బజార్, సికిందరాబాదు
బేస్తవారం

మా అక్క జైనబ్బీకి తమ్ముడు యాకూబు సలాం చేసి రాసేది. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? మేక ఈనిందా? నేనిక్కడ మంచిగనే ఉన్న, తింటున్న, మీరు ఫికర్ చెయ్యకుండ్రి.

అక్కా, అమ్మకు చదివి వినిపించే ముందు ఒక మాట. ఈ ఉత్తరంల అక్కడక్కడ వంకర గీతల నడుమ కొన్ని మాటలు పెట్టిన. వాటిని బ్రాకెట్లు అంటరు. మా ప్రెస్సుల ఇంగ్లీషు ప్రూఫులు దిద్దే దావీదు మాస్టారు, బందరు దిక్కు కిరస్తానీ ఆయన, నాకు చెప్పిండు: "బ్రాకెట్లో ఉన్నది తీసేసినా వాక్యం నిలబడాలి అబ్బాయ్. డ్యాష్ పెట్టావంటే మాత్రం దాని తర్వాత మాట దగ్గర జనం ఆగి చూస్తారు. ఊరికే గీతలు గీకేయకు." అందుకని బ్రాకెట్ల మాటలు పైకి చదవకు. అవి నీ కండ్లకే.

తిండికి కొదువ లేదు (మోండా మార్కెట్ల పొద్దూకినంక వాడిపోయిన వంకాయలు అగ్గువకు ఇస్తరు, పొద్దుమాపు అవే). పండుకునేందుకు ప్రెస్సు మీది అర్ర ఉన్నది (వచ్చే శనివారం దాకనే). చలి షురువైంది, నువ్వు కుట్టిన బొంత కప్పుకుంటున్న. పని సుత మంచిగనే నడుస్తున్నది—

లేదక్కా. ఈ సంగతి బ్రాకెట్ల పట్టేది కాదు. ఇక్కడి నుంచి నువ్వొక్కదానివే చదువుకో.

నేను వచ్చినప్పుడు ఇది ఉర్దూ ప్రెస్సు, రాతి ప్రెస్సు. అచ్చుకు చేత్తోని రాసిచ్చే కాతిబు కాయిదం మీద రాస్తే ఆ రాత రాయి మీదికి ఉల్టా ఎక్కుతది. తప్పులుంటే రాయి మీదనే, ఉల్టానే దిద్దాలె. ఆ పని నాది. పోలీసు చర్య అయినంక ఉర్దూ పని పడిపోయింది, ఆఫీసులన్నీ ఇంగ్లీషు ఇంగ్లీషు అంటున్నయి. ప్రెస్సు నడిపే సేఠ్ రాళ్లను మూలకు నూకి సీసం అక్షరాలు తెచ్చిండు. కాతిబు ఏడ్చుకుంట పోయిండు. నేను పోలే. పారేసిన ప్రూఫు కాయిదాలు ఏరుకొని, గోడకు అతికించుకొని ఇంగ్లీషు నేర్చుకున్న.

పోయిన వారం పటాలం క్యాంటీను కాంట్రాక్టరు కాయిదాలు వచ్చినయి. ఏ సామాను ఎవరికి అమ్మాలె, ఎవరికి అమ్మొద్దు అని రూళ్లు. నిండ బ్రాకెట్లు. సీసం అక్షరాన్ని ఉల్టానే పోసి పెడతరు, మనం మళ్ల తిప్పే పని లేదు. అది నాకు తెలుసు. అక్షరాన్ని తిప్పుదామన్నా తిరగదు. బ్రాకెట్లకు మాత్రం అక్షరాల పెట్టెల ఎడమదానికి ఒక గడి, కుడిదానికి ఒక గడి. ఏండ్ల కొద్ది రాయి మీద ఉల్టా దిద్దిన చెయ్యి, నన్ను అడగకుండనే ఎడమదానికి కుడిదాన్ని ఎత్తింది. మాస్టారు ఆ దినం చర్చిల పెండ్లికి పోయిండు.

"ప్రూఫు చూసేటాయన లేడు, రేపు కొడదాం సేఠ్" అన్న.

"నువ్వు నాకు చెప్తవా? తొక్కురా మిషిను."

తొక్కిన. కట్టలకు కట్టలు అచ్చయినంక చూస్తే బ్రాకెట్లన్నీ కొట్లాడుకున్న తోడికోడండ్ల లెక్క ఒకదానికొకటి వీపు పెట్టి నిలవడ్డయి.

కాంట్రాక్టరు గుమాస్తా, మద్రాసు దిక్కు నుంచి కొత్తగ వచ్చినోడు, కట్ట తెచ్చి బల్ల మీద పారేసిండు. "ఏవయ్యా, ఒకటి తప్పితే పొరపాటు. అన్నీ తప్పితే ఏవంటారు? నీ పేరేంటి?"

"యాకూబు."

"అదీ సంగతి!" అని సేఠ్ దిక్కు తిరిగిండు. "పటాలం కాగితాలు ఇలాంటివాళ్ల చేతికా ఇచ్చేది? వీడు రజాకారు కాదని ఎవరు చెప్పాలి?"

ప్రూఫు లేకుండ కొట్టుమన్నది తనేనని సేఠ్ చెప్పలే. మాస్టారు కండ్లద్దాలు తుడుచుకుంట నిలవడ్డడు. నా నెత్తి గరమైంది. మూలకున్న రాయి గుంజి, "జెర చూడుండ్రి, నా చేతికి ఇది అలవాటు" అని ఆయన కాంట్రాక్టరు పేరే ఇంగ్లీషుల ఉల్టా రాసి చూపెట్టిన. నా తప్పేంలేదని తేలుతదనుకున్న. గుమాస్తా వంగి చూసి నవ్విండు.

"చూశారా? దొంగరాత కూడా వచ్చు వీడికి!"

నా గుంత నేనే తవ్వుకున్నట్టయింది అక్కా.

ఇప్పుడు వచ్చే శనివారం లోపల ఊరి పట్వారి చేతి రాత తేవాలె, నేను రజాకార్లల్ల లేనని. తేకుంటే ఆ గుమాస్తా పోలీసులకు చెప్తడట. సేఠేమో "తే, లేకుంటే అర్ర ఖాలీ చెయ్యి" అన్నడు. మాస్టారు మెట్ల కాడ నా చెయ్యి పట్టుకొని, "పిల్లలు గలవాణ్ణి యాకూబూ, నన్ను సాక్ష్యానికి పిలవకు" అన్నడు. ఆయన మీద కోపం చేద్దామంటే వస్తలేదు. అది ఇంకో మంట.

ఆ పట్వారి ఎవడో నీకు తెలుసు. గడబిడ దినాలల్ల లూటీకి వచ్చినోళ్లకు మన ఇల్లు వేలు పెట్టి చూపెట్టినోడు. నాయిన దూది ఏకే విల్లును వాకిట్ల విరగ్గొడుతుంటే తన అరుగు మీద కూసొని చూసినోడు. వాని గడప తొక్కనని నీతోని ఒట్టు పెట్టించింది నేనే. ఇప్పుడు నేనే అంటున్న, పో. పొద్దుగాల్నే పో, నలుగురు జమ కాకముందే. కాళ్లు పట్టుకోమంటే పట్టుకో. "యాకూబు ఆ దినాలల్ల ఊళ్లె లేడు, సికిందరాబాదుల రాళ్లు దిద్దుకుంట ఉన్నడు, ఎవరి జోలికి పోలే." గింతే రాయమను. తెలుగుల రాసినా సరే, కింద ముద్ర పడాలె. గిట్ల అడుగుతున్నందుకు నన్ను తిట్టుకో, మస్తు తిట్టుకో. పారిపోతే రజాకారేనంటరు, ఉంటే పట్టుకపోతరు. నాకు ఇంకో తొవ్వ కనవడతలేదు.

అమ్మకు మాత్రం నేను కొత్త అంగీ కుట్టించుకున్ననని చెప్పు. మిమ్ముల ఆ రాత్రి గడ్డివాముల దాచిన రామక్క పెద్దమ్మకు నా దండాలు. నమాజు కాడ అమ్మను నా పేరు తీసి దువా చెయ్యమను, ఎందుకని అడిగితే ఊకెనే అను.

జవాబు ప్రెస్సు పేరు మీద రాయకు, సేఠ్ విప్పి చూస్తడు. బోయిన్‌పల్లిల దూదేకుల హుస్సేను దుకాణానికి రాయి, నేను పోయి తెచ్చుకుంట. పట్వారి ఇయ్యనంటే మాటలు వెతుక్కోకు, ఖాలీ కార్డు వెయ్యి. నాకు తెలిసిపోతది.

నీ తమ్ముడు
యాకూబు