మేసిన చేను పేరు

తమ్ముడు నరసింహులుకు,

బెంగళూరు నుంచి నీ అన్న ఓబులేసు దీవించి రాస్తున్నాను. నేను బాగున్నాను. మరదలి మోకాళ్ల నొప్పి ఎట్లుందో రాయి. ముందు మాత్రం పాత మాట ఒకటి.

"మా అన్నకు గొర్రెలు కాసేది చేతకాదప్పా" అని ముదిగుబ్బ బస్టాండులో పదిమంది ముందర అన్నావు. పద్దెనిమిదేళ్లయింది. నేను మరవలేదు.

గొర్రెలు పోయిన ఆ పొద్దున మందను మేపింది నువ్వు. మధ్యాహ్నం కర్ర నా చేతికిచ్చి సద్ది తినేదానికి పోయావు. నేను వంకలో నీళ్లు తాపి గట్టెక్కించే లోపలే తొమ్మిది గొర్రెలు కాళ్లు తన్నుకుని పడ్డాయి. పురుగుమందు కలిసిన నీళ్లు తాపానన్నావు. నేనూ అదే నమ్మి, మళ్లీ కర్ర పట్టలేదు.

ఇక్కడ నాకు తక్కువేం లేదు. రోజూ తుంపర. మన చేన్ల మీద పడాల్సిన వాన ఈ సిమెంటు మీద పడి పోతుంది. బిడ్డ శారద సంగటి కెలకడం నేర్చుకుంది, ముద్ద ఇంకా జారుగానే వస్తుంది. లిఫ్టులో ఎవరూ పలకరించరు. నేనే పలకరిస్తాను.

శారద చేసే పని ఏమిటో ఇప్పటికి తెలిసింది. కంప్యూటర్ లోపల అన్నిటి మీదా పెత్తనం చేసేదాన్ని కెర్నెల్ అంటారంట. అది పడితే యంత్రమంతా పడుతుంది. పడేముందు మరణ వాంగ్మూలం మాదిరి అంతా రాసిపెట్టి పోతుంది. అది చదివి, ఎందుకు పడిందో చెప్పడం నా బిడ్డ ఉద్యోగం. పదకొండు రోజులు ఒకే చోట పడుతుంటే, పాపం ఆ చోటే గాలించింది. మొన్న అన్నం దగ్గర చెప్పింది.

"పడిన చోట తప్పే లేదు నాయనా. వేరే ప్రోగ్రాం ఒకటి, తాను ఖాళీ చేసిపోయిన జాగాలోకే మళ్లా వచ్చి గీకి పోయింది. ఆ జాగాలోకి కొత్తగా వచ్చినది ఏమీ తెలీక పడిపోయింది."

"అంటే నాము మేసిన గొర్రె కదమ్మా."

"నామంటే?"

"వానల్లేక ఎండిన జొన్న మోడు, చినుకు పడితే మళ్లా చిగురేస్తాది. అది ఇసం. మేసేది ఒక చేన్లో, పడేది ఇంకో చేన్లో."

"అదే నాయనా" అని నవ్వింది. నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ పొద్దు ఆ వంక నీళ్లే మన ఎద్దులూ తాగాయి. వాటికేం కాలేదు. ఇన్నేళ్లు నేనూ పడిన చోటే చూశాను.

మరదలిని చెనక్కాయల పొడి పంపమను. ఊళ్లో పెద్దలకు నా దండాలు చెప్పు. నువ్వు తప్పొప్పుకోనక్కరలేదు, బస్టాండులో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ పొద్దున మందను ఏ చేన్లోకి తోలావు? అమావాస్య లోపల జవాబు రావాలి. చేను పేరొక్కటి రాయి.

నీ అన్న,
ఓబులేసు